రాత్రికి నలుపు వాడకూడదు

‘అకీరా’ని మొదటిసారి చూసింది 2005లో, ఇంజినీరింగ్ మూడో ఏడు హాస్టల్లో. రూమ్మేటు ఎక్కడినుంచో రెండు సీడీలు పట్టుకొచ్చాడు. వాటి మీద మార్కర్‌తో 1, 2 అని రాసి ఉంది, అంతే. ఏంట్రా ఇవి అంటే “జపాన్ బొమ్మల సినిమా, అదిరిపోద్దంట” అన్నాడు. అప్పటికి బొమ్మల సినిమా అంటే మాకు తెలిసింది పిల్లీ ఎలుకా తరుముకోవడమే. తెల్లారితే ఇంటర్నల్స్. అరగంట చూసి పడుకుందాం అనుకుని ఐదుగురం ఒకే మంచం మీద సర్దుకున్నాం.

తెర మీద 1988 జూలై 16 అని తేదీ పడింది. పైనుంచి చూస్తున్నట్టు ఒక నగరం. చప్పుడు లేదు. నడిమధ్యలో తెల్లటి వెలుగు ఒకటి పుట్టి, అన్నం ఉడికేటప్పుడు బుడగ ఉబ్బినట్టు ఉబ్బుతూ వచ్చి నగరాన్ని మింగేసింది. స్పీకర్లు పోయాయేమోనని మావాడు వైర్లు కదిపి చూశాడు. స్పీకర్లు బాగానే ఉన్నాయి, సినిమాలోనే శబ్దం లేదు. ఆ సినిమా జపాన్‌లో విడుదలైంది కూడా సరిగ్గా 1988 జూలై 16నే అని తర్వాతెప్పుడో చదివాను. అంటే ఆ రోజు టోక్యోలో టికెట్ కొనుక్కుని కూర్చున్నవాళ్ళు, అదే రోజున తమ ఊరు బూడిదవడం చూశారన్నమాట. ఏం ధైర్యమండీ ఆ దర్శకుడిది!

అక్కణ్ణుంచి కథ 2019కి దూకుతుంది. పాత టోక్యో పక్కనే కట్టుకున్న నియో టోక్యో. బైకుల గ్యాంగులు, లాఠీచార్జీలు, దొంగచాటు విప్లవకారులు, దేవుడు వస్తున్నాడని వీధుల్లో అరిచే గుంపులు. పోలీసులు ఒక మనిషిని జనం మధ్యలో తూట్లు తూట్లుగా కాల్చేసే సీను వచ్చేసరికి మాలో ఒకడు లేచి, “ఇది పిల్లల సినిమా కాదురా బాబూ, నేను చదువుకుంటా” అని వెళ్ళిపోయాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చి, ఏమైంది ఏమైంది అని అడిగాడు. ఏమైందో మాకూ సరిగ్గా తెలీదు.

ఇప్పటికీ కథ రెండు ముక్కల్లో చెప్పమంటే తడుముకుంటాను. కనేడా, టెట్సువో అని ఇద్దరు కుర్రాళ్ళు అనాథాశ్రమంలో కలిసి పెరుగుతారు. కనేడా లీడరు, వాడికో ఎర్ర బైకు. టెట్సువో ఎప్పుడూ వాడి వెనకాలే, వాడు కాపాడితే బతికేవాడు. ఒక రాత్రి టెట్సువో బైకు మీద వస్తుంటే, ముసలి ముఖమున్న పిల్లాడొకడు ఎదురుపడతాడు. ప్రమాదం జరుగుతుంది, సైన్యం వచ్చి టెట్సువోని ఎత్తుకుపోతుంది, వాడిలో ఏదో శక్తి లేస్తుంది. చిన్నప్పట్నుంచీ దాచుకున్న ఉక్రోషం మొత్తం ఆ శక్తితో పాటే బయటికొస్తుంది. మిగతాది, ముఖ్యంగా రెండో సగం, గందరగోళమే. కట్సుహిరో ఒటోమో తన సొంత బొమ్మల కథనే సినిమాగా తీశాడు. 1982లో ఒక పత్రికలో మొదలైన ఆ సీరియల్ 1990 దాకా నడిచింది. అంటే సినిమా వచ్చేనాటికి కథే పూర్తి కాలేదు. రెండు వేల పేజీలు దాటిన దాన్ని రెండు గంటల నాలుగు నిమిషాల్లో కుక్కితే ఎక్కడో ఒకచోట పొంగుతుంది కదా.

మేం మాత్రం ఆ రాత్రి పడుకోలేదు. ఇంటర్నల్స్ సంగతి వదిలేయండి.

*

దసరా సెలవులకి ఇంటికొస్తూ ఆ సీడీలు బ్యాగులో పడేసుకున్నాను. మా ఇల్లు విజయవాడలో. నాన్న సినిమా బ్యానర్లు వేసేవాడు. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్న వీధులకి దగ్గర్లోనే ఆయన షెడ్డు. చిన్నప్పుడు స్కూలు వదలగానే నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. సినిమా వాళ్ళిచ్చిన స్టిల్ ఫోటో మీద చిన్న గళ్ళు, గోడంత గుడ్డ మీద పెద్ద గళ్ళు. ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి. దగ్గర నిలబడి చూస్తే హీరో చెంప మీద నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగు ముద్దలు తప్ప ఏమీ కనిపించేది కాదు. రోడ్డు అవతలికి వెళ్ళి చూస్తే అదే చెంప, అదే నవ్వు. “నీడలో నలుపు వేస్తే ముఖం చచ్చిపోద్దిరా. నలుపు మీసానికి, జుట్టుకి, అంతే” అనేవాడు. కుర్రాళ్ళెవరైనా తెలీక నల్ల డబ్బాలో బ్రష్ ముంచితే చేతి మీద స్కేలుతో ఒక్కటి పడేది.

నేను చెబుతున్న 2005 నాటికి ఆ షెడ్డు లేదు. ఫ్లెక్సీలొచ్చాయి. పది రోజుల పని పది గంటల్లో, అందులో సగం ధరకి. నాన్న దీని గురించి పెద్దగా ఏమీ అనలేదు. నంబర్ ప్లేట్లు, షాపు షట్టర్లు, పెళ్ళి కార్ల మీద పేర్లు రాస్తూ గడిపేవాడు.

ఆ రోజు సాయంత్రం నేను ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని మళ్ళీ అదే సినిమా చూస్తున్నాను. పదిహేడు అంగుళాల లావుపాటి మానిటర్. నాన్న స్నానం చేసి, భుజాన తువ్వాలు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బైకుల సీను నడుస్తోంది. బైకు వెళ్ళిపోయాక కూడా వెనక లైటు ఎర్రటి గీతలా గాల్లో నిలిచిపోతుందే, ఆ సీను. ఐదు నిమిషాలు అలాగే నిలబడ్డాడు. తర్వాత కుర్చీ లాక్కున్నాడు.

“ఆపు.”

ఆపాను. ముందుకి వంగి తెర మీద వేలు పెట్టాడు. పాత మానిటర్ కదా, వేలికి చిటచిటలాడింది.

“ఇది రాత్రి కదా. నలుపేదిరా?”

నేను అప్పటికి దాన్ని మూడుసార్లు చూశాను. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆయన వేలితో ఒక్కో చోటే చూపిస్తూ పోయాడు. ఆకాశం నలుపు కాదు, నీలంలో ఆకుపచ్చ కలిపాడు. ఈ బిల్డింగు ఇంకొంచెం ముదురు, దాని పక్కది అందులోనే ఎరుపు చుక్క తగిలించాడు. “ఎరుపు పక్కన ఆకుపచ్చ పెట్టావనుకో, ఎరుపు అరుస్తుంది. అందుకే ఆ బైకు లైటు అంత గట్టిగా కనపడతంది. ఇదే రాత్రిని నల్లగా వేసుంటే ఆ లైటు ఉత్త లైటులా ఉండేది.” కాసేపాగి, “ఎవడ్రా వీడు?” అన్నాడు. పేరు చెప్పాను. పుట్టిన సంవత్సరం చెబితే నాన్న నవ్వాడు. ఇద్దరిదీ 1954.

మళ్ళీ ప్లే నొక్కాను. అప్పుడు గుర్తొచ్చింది, ముందు రాబోయే సీను. టెట్సువో స్నేహితురాలు కవోరి మీద ఎదుటి గ్యాంగు వాళ్ళు పడి బట్టలు చించే సీను. నాన్న పక్కనే ఉన్నాడు. చెమటలు పట్టాయి. మౌస్ పట్టుకుని గబగబా ముందుకి లాగితే మరీ ఎక్కువ జరిగిపోయి ఎక్కడో ఆస్పత్రిలో తేలాం. నాన్న గోడ మీదున్న క్యాలెండర్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. (ఆ సీను ఇప్పుడు చూసినా నాకు నచ్చదు. మొత్తం సినిమాలో ఆ పిల్లకి ఏడవడం, దెబ్బలు తినడం, చివరికి చావడం తప్ప పనే లేదు. రంగుల మీద పెట్టిన శ్రద్ధలో కొంచెమైనా ఆ పాత్ర మీద పెట్టి ఉండొచ్చు.)

తేలింది మంచి చోటే. ఆస్పత్రి మంచం మీద టెట్సువో పడుకుని ఉంటాడు. చిన్న చిన్న ఆట బొమ్మలు, ఒక ఎలుగు, ఒక కుందేలు, ఒక కారు, పక్క మీదికి పాకుతాయి. చూస్తుండగానే అవి గదంత అవుతాయి. వాటి ఒంట్లోంచి పాలు కారుతుంటాయి. రక్తం కాదు, పాలు. టెట్సువో భయంతో కిందికి దిగి గాజు పెంకు మీద కాలేస్తాడు. ఎర్రటి రక్తం. దాన్ని చూసి ఆ బొమ్మలే జడుసుకుంటాయి. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “తెలుపుతో భయపెట్టాడు చూడు” అన్నాడు. అంతే.

కథ ఏమిటని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఇంగ్లీషు డైలాగులు నేను తెలుగులో చెప్పబోతే “నువ్వుండు” అన్నాడు.

*

సెలవులయ్యాక కాలేజీ ల్యాబులో కూర్చుని ఈ సినిమా గురించి దొరికిందల్లా చదివాను, అసైన్‌మెంట్ రాస్తున్నట్టు నోట్సు రాసుకుని మరీ. సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్నకి అప్పజెప్పాను.

సినిమాలో వాడిన రంగులు 327. వాటిలో 50 రంగులు ముందెక్కడా లేవట, ఈ సినిమా కోసమే ప్రత్యేకంగా తయారు చేశారట. బొమ్మల సినిమా వాళ్ళు మామూలుగా రాత్రి సీన్లకి దూరంగా ఉంటారు, ఖర్చు. పగటికి ఒక చొక్కాకి రెండు రంగులు చాలితే, రాత్రయితే అదే చొక్కాకి వీధి దీపం కింద ఒకటి, నీడలో ఒకటి, నియాన్ బోర్డు పక్కన ఇంకొకటి కావాలి. ఒటోమో సినిమాలో ఎక్కువ భాగాన్ని రాత్రిలోనే పెట్టుకున్నాడు. నాన్న తల ఊపాడు. ఆయనకి తెలియని సంగతేమీ కాదు. 50 రంగులు కొత్తగా చేయించారన్న దగ్గర మాత్రం “డబ్బున్న మారాజులు” అన్నాడు.

బొమ్మ ఎలా వేస్తారో చెప్పాను. సెల్ అని పల్చటి పారదర్శకమైన షీటు. ముందు వైపు గీత, వెనక వైపు రంగు. దాన్ని తీసుకెళ్ళి, విడిగా కాగితం మీద వేసిన బ్యాక్‌గ్రౌండ్ పైన పెట్టి ఫోటో తీస్తారు. నేను ఇంకా వివరిస్తుంటే మధ్యలోనే ఆపేశాడు. “షాపు అద్దాల మీద రాయడంలాగన్నమాట.” కదా! ఎన్నిసార్లు చూశాను. అద్దానికి లోపలి వైపు నిలబడి, అక్షరాలన్నీ తిరగేసి రాసేవాడు, బయట రోడ్డు మీదున్నవాళ్ళకి సరిగ్గా కనపడేలా. వెనకనుంచి రంగు వేస్తే బ్రష్ గీతలు బయటికి కనపడవు, పైన గాజంత నున్నగా ఉంటుంది. ఇంజినీరింగ్ చదివిన నేను రెండు పేజీల నోట్సులో పట్టుకున్నది ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

అలాంటి సెల్‌లు 1,60,000కి పైనే అన్నాను. నాన్న లేచి వెళ్ళి క్యాలిక్యులేటర్ తెచ్చుకున్నాడు, బిల్లులు వేసుకునే పాతది. కాసేపు నొక్కి, “రోజుకొకటి వేస్తే 438 ఏళ్ళు” అన్నాడు. మళ్ళీ ఏదో నొక్కాడు గానీ అదేంటో చెప్పలేదు.

జపాన్ టీవీ బొమ్మల్లో ఖర్చు కలిసొస్తుందని ఒకే బొమ్మని మూడు ఫ్రేముల పాటు నిలబెట్టేవాళ్ళు. సెకనుకి 24 ఫ్రేములయితే బొమ్మలు ఎనిమిదే. అకీరాలో చాలా చోట్ల ఆ పొదుపు లేదు, అందుకే పొగ కూడా నిజం పొగలా మెలికలు తిరుగుతుంది. ఇంకోటి, అక్కడ మామూలుగా ముందు బొమ్మ, తర్వాత గొంతు. ఇక్కడ గొంతులు ముందే రికార్డు చేసి, వాటికి తగ్గట్టు పెదాలు గీశారు. “అంటే డబ్బింగ్ ముందు, షూటింగ్ తర్వాత” అని నాన్న ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. బ్యాక్‌గ్రౌండ్లు చూసిన ఆర్ట్ డైరెక్టర్ పేరు తొషిహారు మిజుతాని అని చెప్తే రెండుసార్లు పలకబోయి, మానేసి, “ఆ మిజు గారు” అన్నాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆయన మిజు గారే.

సెల్ మీద రంగు వేసే పని కూడా దాదాపు మా షెడ్డు మూతపడిన రోజుల్లోనే జపాన్‌లో కంప్యూటర్లోకి వెళ్ళిపోయింది. ఆ ముక్క నోట్సులో ఉంది. చదవలేదు.

*

తర్వాత ఉద్యోగం, హైదరాబాదు, పెళ్ళి, మామూలే. అకీరా అప్పుడప్పుడూ ఏదో ఒక వంకన ఎదురుపడుతూనే ఉండేది. సినిమాలో 2020 ఒలింపిక్స్ కోసం టోక్యోలో స్టేడియం కడుతుంటారు, మొదట్లో టోక్యోని మింగేసిన ఆ వెలుగుకి కారణమైన పిల్లాడు అకీరాని దాచింది ఆ స్టేడియం కిందే. 2013లో నిజంగానే 2020 ఒలింపిక్స్ టోక్యోకి ఇచ్చారని వార్త వస్తే పాత రూమ్మేటుకి అర్ధరాత్రి ఫోన్ చేశాను. అసలు తమాషా 2020లో. సినిమాలో ఒక బోర్డు ఉంటుంది, ఒలింపిక్స్‌కి ఇంకా 147 రోజులు అని. దాని కింద ఎవరో ఆపేయండి, ఆపేయండి అని గీకి ఉంటారు. 2020 ఫిబ్రవరి 28న, అప్పటికి నిర్ణయించిన తేదీకి సరిగ్గా 147 రోజులుండగా, జపాన్ వాళ్ళు ఆ ఫోటోని తెగ తిప్పారు. మార్చి 24న నిజంగానే వాయిదా వేశారు. ఆ మర్నాటి నుంచి ఇక్కడ మాకు లాక్‌డౌన్. జోస్యం అని అందరూ అన్నారు గానీ, ఒటోమో పాత లెక్కే వేసుకుని ఉంటాడని నా అనుమానం. యుద్ధం, శిథిలాలు, మళ్ళీ కట్టుకోవడం, 1964లో ఒలింపిక్స్. టోక్యో ఒకసారి పడిన బాటే అది.

వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నేను విజయవాడ వచ్చేశాను. నాన్న అప్పటికీ చిన్నాచితకా పనులు చేస్తూనే ఉన్నాడు. మా వీధి చివర కిరాణా కొట్టు షట్టరు ఆయనే వేశాడు. కొట్టాయన చూసి “నీలం మరీ కొడతందండీ, తగ్గించండి” అంటే నాన్నకి కోపమొచ్చింది. నలభై ఏళ్ళ సర్వీసుకి నువ్వు రంగు నేర్పుతావా అని, డబ్బులు కూడా తీసుకోకుండా వచ్చేశాడు. రెండు నెలలు ఆ కొట్టుకి పోలేదు. పంచదారకి కూడా పక్క వీధికే.

2021 మొదట్లో కంటి శుక్లాల ఆపరేషన్ చేయించాం. ముందు కుడి కన్ను, నెలకి ఎడమది. మర్నాడు కట్టు విప్పగానే డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అని అడుగుతుంటే, నాన్న ఆయన కోటు వైపు చూస్తూ “ఇంత తెలుపా!” అన్నాడు. ఇంటికొస్తూ ఆటోలోంచి ఆకాశం చూసి, ఇదేంట్రా ఇలా ఉంది అన్నాడు. శుక్లం ముదిరే కొద్దీ కంటిలోని కటకం పసుపు బారుతుంది, నీలం రంగు లోపలికి సరిగ్గా రానివ్వదు. ఏళ్ళ తరబడి మెల్లగా జరిగేది కాబట్టి మనిషికి తెలీదు. మూడో రోజు, నల్ల కళ్ళజోడు పెట్టుకునే, నన్ను తీసుకుని వీధి చివరిదాకా నడిచాడు. కొట్టు ముందు ఆగి జోడు తీసి షట్టరు చూశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

“కొడతందిరా.”

లోపలికెళ్ళి కిలో పంచదార కొన్నాడు. తర్వాతి వారం ఆ షట్టరు మళ్ళీ వేశాడు, ఊరికే.

అప్పుడే అనుకున్నాను, సినిమా మళ్ళీ చూపించాలని. 2020లో 35 ఎంఎం ఫిల్మ్ నుంచి 4కేలో శుభ్రం చేసిన ప్రింటు వచ్చింది. మా హాలులో ఇప్పుడు 55 అంగుళాల టీవీ. అమ్మ “మళ్ళీ ఆ దయ్యాల సినిమానా” అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

బైకులు బయలుదేరాయి, వెనకాల ఆ పాట. గెయినో యమషిరోగుమి అనే బృందం చేసిన సంగీతం అది. వెదురు వాద్యాలు బాలి ద్వీపానివి, గొంతులు జపాన్ నాటకాల్లోవి. ఆ ‘రస్సెరా రస్సెరా’ అనే కేక అక్కడి అవోమోరిలో దీపాల బొమ్మల ఊరేగింపులో జనం పెట్టేది. హాస్టల్లో మా డొక్కు స్పీకర్లలో అదంతా ఒకటే మోతగా వినపడింది. ఇప్పుడు ఒక్కో వెదురు దెబ్బా విడివిడిగా ఛాతీకి తగులుతోంది. నాన్న మోకాలి మీద వేలితో దరువేస్తున్నాడు.

పదిహేను నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఉన్నట్టుండి, “ఒరేయ్, ఆ పిల్ల సీను వస్తది కదా” అన్నాడు.

పదహారేళ్ళయింది. మర్చిపోయాడనుకున్నాను.

“నువ్వెళ్ళి టీ పెట్టు.”

వెళ్ళాను. నలభైకి దగ్గరపడుతున్న మనిషిని, ఇద్దరు పిల్లల తండ్రిని, వంటింట్లో నిలబడి పాలు పొంగడం చూస్తున్నాను. హాల్లోంచి చప్పుడేమీ రావడం లేదు. సౌండు తగ్గించేశాడు కాబోలు అనుకున్నాను.

టీ తీసుకొచ్చేసరికి సినిమా ఆగి ఉంది. ఆ సీను ఇంకా రానేలేదు. రిమోట్‌లో ఏది నొక్కాలో ఆయనే ఎలాగో కనుక్కున్నాడు. తెరకి జానెడు దూరంలో, ఒకప్పుడు గుడ్డ ముందు నిలబడ్డట్టే తల ఒక పక్కకి వంచి నిలబడ్డాడు. తెర మీద మనుషులెవరూ లేరు. నియో టోక్యో, రాత్రి, మేడలు.

“ఆ మూల కిటికీ చూడు. ఊదా. అప్పుడు నేను గోధుమ రంగనుకున్నా. దాని కిందది ఇంకో ఊదా. రెండూ ఒకటి కాదు.”

“టీ చల్లారిపోతుంది నాన్నా.”

“ఉండరా. లెక్క తప్పించకు.”